దమ్మున్నది

మొన్న ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్‌లో లిఫ్టు పనిచేయలేదు. మెట్లెక్కుతుంటే మా ముందు ఒక ముసలామె సగంలో ఆగిపోయి, పక్కనున్న కమ్మిని రెండు చేతులతో పట్టుకుంది. నా వెంట మా ఆఫీసులో కొత్తగా చేరిన హిమజ ఉంది. గుంటూరు వైపు పిల్ల, మనసు మంచిది. గబగబా దగ్గరికి వెళ్ళి, "ఏమ్మా, ఆయాసంగా ఉందా?" అని అడిగింది. ముసలామె తల అడ్డంగా ఊపి, "ఆయాసం ఏం లేదు బిడ్డా, దమ్మున్నది" అంది. హిమజ నవ్వి నా వైపు తిరిగింది. "మామ్మగారికి దమ్ముంది మేడమ్! ఎక్కేస్తారు. పదండి, మనకే ఆలస్యమవుతోంది." మేము ఒక సమావేశానికి వెళ్తున్నాం. మా ఆరోగ్య సర్వే ప్రశ్నల్లోంచి యాస మాటలన్నీ ఏరి పారేసి, అందరికీ ఒకే భాష పెట్టాలని పైవాళ్ళు పట్టుబట్టారు. ఆ విషయం తేల్చుకోవడానికే పోతున్నాం. కానీ ఆ ముసలామె ఛాతీలోంచి సన్నగా వస్తున్న పిల్లికూత నాకు వినబడింది. నేను ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

హిమజ వాళ్ళ ఊళ్ళో దమ్మంటే ధైర్యం, సత్తా. మా నల్గొండ ఇళ్ళలో దమ్మంటే ఆ ధైర్యమూ అవుతుంది, ఊపిరాడని జబ్బూ అవుతుంది. ఇంత చిన్న సంగతి కోసం ఒక మనిషి పెద్దపెద్దవాళ్ళతో తగువు పెట్టుకుంది, నివేదిక మీద తన పేరు పోగొట్టుకుంది. ఆమె పేరు డాక్టర్ బాలమణి. మీరు ఆమె పేరు విని ఉండరు. ఎట్లా వింటారు, తీసేశారు కదా!

నేను ఆమె దగ్గర చేరింది తెలంగాణ ఉద్యమం రోజుల్లో. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో ఆమె ఆఫీసు. కింద లెక్కల సారు మైకులో చెప్పే పాఠం మా గదిలోకి యథాతథంగా వచ్చేది. అంతకుముందు నేను ఆ కోచింగ్ సెంటర్‌లోనే పోటీ పరీక్షలకు చదివాను. అక్కడ చదువు కంటే ఎక్కువగా నా మాట దాచుకోవడం నేర్చుకున్నాను. నేను 'ఏంది' అంటే వెనక బెంచీల్లో కిలకిలలు, 'ఎట్ల' అంటే సారు మొహంలో కూడా చిరునవ్వు. ఎందుకొచ్చిన గోల అని టీవీ వాళ్ళలా మాట్లాడటం పట్టుబట్టి అలవాటు చేసుకున్నాను. ఆ భాషతోనే బాలమణి మేడమ్ ముందు ఉద్యోగానికి నిలబడ్డాను. పొట్టి మనిషి, నూలు చీర, కాళ్ళకు మగవాళ్ళు వేసుకునే తోలు చెప్పులు. "ఏ ఊరు?" అని అడిగారు. "నల్గొండ దగ్గరండీ" అన్నాను. ఆమె కళ్ళద్దాలు పైకి నెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "నల్గొండ దగ్గర 'అండీ' ఎప్పటిసంది మొలిచింది? మీ అమ్మతోని గూడ గిట్లనే మాట్లాడ్తవా?" "లేదండీ... లేదు మేడమ్." "మరి నాతోని ఎందుకు? నేనేమన్న సీరియల్ తీస్తున్ననా?" నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఇండ్లకు పోయి ఆడోళ్ళతోని మాట్లాడే పని ఇది. నోట్ల గాజుగ్లాసు పెట్టుకున్నట్టు మాట్లాడితె నీకెవ్వరు ఏం జెప్పరు. రేపు పొద్దుగాల రా" అన్నారు. ఉద్యోగం వచ్చిందని నాకు మెట్లు దిగాక గానీ అర్థం కాలేదు.

ఆమె మూసీ ఒడ్డున ఒక పల్లెలో, మాదిగ ఇంట్లో పుట్టారు. హాస్టళ్ళలో చదివి డాక్టరయ్యారు. సర్కారు దవాఖానలో కొన్నేళ్ళు పనిచేసి, ఆ కొలువు వదిలి పరిశోధనలోకి వచ్చారు. మాట కటువు. టీ చల్లారితే తిట్టేవారు, మేము అన్నం తినకుండా పని చేసినా తిట్టేవారు. ఆఫీసులో నాకు తోడు సత్యవతి గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం ఆవిడది. సర్వేలో పోగైన జవాబులను లెక్కకట్టడం ఆవిడ పని. "ఏంటండీ బాలమణి గారూ, ఇంత కోపం మంచిది కాదండీ" అని ఆవిడ అనడం, "కోపం లేకపోతె ఈ ఆఫీసుకు కిరాయి ఎవరిస్తరమ్మా, దాంతోనే నడుస్తున్నది" అని ఈమె అనడం రోజూ ఉండేదే.

అప్పుడు మేము చేస్తున్న పని ఒక్కటే. తూర్పు హైదరాబాదు ఆడవాళ్ళలో ఊపిరి జబ్బులు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో తేల్చాలి. ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఊపిరితిత్తుల వైద్యకేంద్రం ఒకటి పెడతారు. ఒక్కటే పెడతారు. అది దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లో పెట్టాలా, హయత్‌నగర్ దాటాక నల్గొండ పల్లెల కూలీలు ఉండే మా బస్తీలో పెట్టాలా అన్నదే ప్రశ్న. మా అమ్మ ఎల్లమ్మ ఆ బస్తీ నుంచే పోయి అపార్ట్‌మెంట్ల పనిలో ఇసుక, సిమెంటు మోసేది. నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకునేది. పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీసేది. పెద్ద దవాఖానకు పోవాలంటే బస్సులు మారాలి, వరుసలో నిలబడాలి, ఆ రోజు పని పోతుంది కనుక పోయేది కాదు. కాబట్టి ఆ కేంద్రం ఎక్కడ పెడతారన్నది నాకు ఆఫీసు సంగతి కాదు, మా అమ్మ బతుకు సంగతి. సొంత బస్తీలో సొంత మనుషులు ప్రశ్నలు అడగకూడదన్న నియమం వల్ల నన్ను కాలనీలకు పంపారు. మా బస్తీకి, ఈ సర్వే చేయిస్తున్న కమిటీ పంపిన డిగ్రీ పిల్లలు వెళ్ళారు.

ఫలితం వచ్చింది. కాలనీల్లో చాలామందికి ఆయాసం ఉంది. మా బస్తీలో దాదాపు ఎవరికీ లేదు! నేను నమ్మలేక సత్యవతి గారి భుజం మీదుగా మళ్ళీ మళ్ళీ చూశాను. కమిటీ ఛైర్మన్ ఒక పేరుమోసిన డాక్టరు, పెద్దమనిషి. ఆయన మా ఆఫీసుకు వచ్చి ఏమాత్రం ఆశ్చర్యపోకుండా చెప్పారు. "ఇందులో వింతేముందండీ? కష్టం చేసుకునేవాళ్ళ శరీరాలు వేరు. తరతరాల అలవాటు కదా, తట్టుకుంటాయి." నివేదికలో ఆ మాటే రాయమన్నారు, శ్రామిక కులాల స్త్రీలలో సహజంగానే తట్టుకునే శక్తి ఉందని. మొదటి అధ్యాయంలో ఆరోగ్య సమానత అంటే ఏమిటో నిర్వచనం రాయాలి. అది కూడా ఆయనే చెప్పారు. "అందరినీ ఒకే ప్రశ్న, ఒకే పద్ధతిలో అడిగాం. అంతకంటే సమానత ఏముంటుంది?" వైద్యకేంద్రం కాలనీకి వెళ్ళిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది. మేడమ్ మాత్రం ఆయనకు టీ ఇప్పించి సాగనంపి వచ్చారు.

వచ్చి కూర్చుని, ఎన్నడూ చెప్పని సంగతి చెప్పారు. "నేను పుట్టినప్పుడు మా అమ్మకు కుట్లేయాలె. మత్తు సూది ఉన్నది, వాడలే. 'వీళ్ళు గట్టోళ్ళు, వీళ్ళకేం గాదు' అన్నడట ఆ డాక్టరు. మా అమ్మ అరవలే. పదిమందిల అరిస్తె సిగ్గు గద. అరవలే గాబట్టి నొయ్యలేదనుకున్నడు. నేను కొలువుల చేరినంక గూడ మా దవాఖానల గదే మాట విన్న. కొట్లాడి కొట్లాడి బయటికొచ్చిన." లేచి చెప్పులు వేసుకున్నారు. "గట్టోళ్ళు అంటె అది మెచ్చుకోలు గాదు సుజాతా. మందు ఎగ్గొట్టేటోడి మాట అది. నడువు, మీ అమ్మను చూసొద్దాం." నా ఒళ్ళు మండిపోతోంది. ఆ డాక్టరు బతికుంటే వెళ్ళి నిలదీయాలనిపించింది.

తీరా బయలుదేరదామంటే ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ముగ్గురం నడిచాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి, నినాదాలు హోరెత్తుతున్నాయి. సత్యవతి గారు కొంగు నిండా కప్పుకుని మా ఇద్దరి మధ్య నడుస్తున్నారు. విస్తరాకులు పంచుతున్న ఒకాయన ఆవిడ మాట విని, "ఏ ఊరక్కా మీది?" అని అడిగాడు. ఆవిడ మొహం పాలిపోయింది. మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని, "నా ఊరే! అన్నం పెడ్తవా, ఊర్లు అడుగుతవా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అతను కూడా నవ్వి ముగ్గురికీ విస్తళ్ళు వేశాడు. "ఇంకొంచెం పప్పు వెయ్యండీ" అని సత్యవతి గారు అడిగేదాకా మేడమ్ అక్కడినుంచి లేవలేదు.

మా ఇంటికి చేరేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. మేడమ్ కుర్చీ వద్దని ఆమె పక్కనే చతికిలబడ్డారు. వెంటనే ఏమీ అడగలేదు. ఊరు, చుట్టాలు, పొయ్యి, పొగ, మేస్త్రీ నోరు, అన్నీ అయ్యాయి. అప్పుడు, "సర్వే పిల్లలొచ్చిన్రా అక్కా?" అన్నారు. "ఒచ్చిన్రు. ఆయాసంగా ఉంటుందా అని అడిగిన్రు. పొద్దంత పనిజేస్తె ఆయాసం రాదా? పండుకుంటె పోతది. గదొక రోగమా? ఏం లేదన్న." "ఇంకేం జెప్పినవ్?" "దమ్మున్నది అని చెప్పిన. ఆ పోరడు మస్తు ఖుషీ అయిండు. 'సూపరమ్మా!' అని బొటనేలు చూపెట్టిండు. నాకు దమ్ముంటె వానికెందుకు ఖుషీ?" మేడమ్ పకపకా నవ్వారు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయారు. సత్యవతి గారికి ఇంకా అర్థం కాలేదు. "దమ్ముంటే మంచిదే కదండీ?" అన్నారు. "దమ్ము అంటె ఊపిరాడకపోవుడు సత్యవతీ." ఆవిడ చెయ్యి నోటిమీదికి వెళ్ళింది. "అయ్యో! అలా చెప్పినవాళ్ళందరినీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కలిపేశామండీ!"

మర్నాటి నుంచి మేడమ్ ఊరుకోలేదు, మమ్మల్ని ఊరుకోనివ్వలేదు. బస్తీలో ఇల్లిల్లూ మళ్ళీ తిరిగాం. ఈసారి ముందుగా ఆడవాళ్ళనే కూర్చోబెట్టి, ఒంట్లో బాగాలేకపోతే మీరు ఏమని చెప్పుకుంటారని అడిగాం. దమ్ము, ఎగపోత, శాతనైతలేదు, పాణం గుంజుతున్నది. ఆ మాటలతోనే ప్రశ్నలు కుట్టుకుని అడిగితే గడపగడపనా జబ్బు బయటపడింది. ఛైర్మన్‌కు తెలిసి ఫోన్ చేశారు. "ఒక్కచోట ప్రశ్న మారిస్తే సమానత ఎక్కడుందండీ? పాత ఫలితంతోనే వెళ్దాం." మేడమ్ కమిటీ సమావేశం పెట్టించమని పట్టుబట్టారు. మా అమ్మనూ, ఇంకొందరు ఆడవాళ్ళనూ రమ్మన్నారు. "నేను చెప్తె నమ్మరు. మీరే చెప్పుండ్రి" అన్నారు.

సమావేశం ఒక పెద్ద భవనం మూడో అంతస్తులో. మేము వెళ్ళేసరికి కరెంటు లేదు, లిఫ్టు ఆగిపోయింది. మేడమ్ అమ్మను చూసి, "మీరు ఈడ్నే కూసోండ్రి. ఆ సార్లనే కిందికి పిలుస్త" అన్నారు. అమ్మ కొంగు నడుముకు దోపింది. "ఎందుకు? గీ మూడంతస్తులకే కూసోవాల్నా? ఎవరెవరి ఇండ్లకో నేను ఇసుక ఎక్కియ్యలే? ఇయ్యాల నన్ను నేను ఎక్కించుకుంట." వద్దని నేను బతిమాలాను. వినలేదు. ఒక్కో మలుపు దగ్గర గోడకు ఆనుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ కాలు పైకి వేసేది. వెనక నడుస్తున్న నాకు ఒక్కటే భయం. ఆ భయం కంటే ఎక్కువ కోపం, ఎవరి మీదని అడిగితే అందరి మీదా. మేడమ్ అమ్మకు ఒక మెట్టు కిందుగా, చెయ్యి ఆమె నడుము దగ్గర ఆనించి ఎక్కారు.

మేము లోపలికి వెళ్ళగానే ఛైర్మన్ గారు లేచి తన కుర్చీనే అమ్మకు వేశారు. చెడ్డమనిషి కాదాయన. వంగి, మెత్తగా, "ఆయాసంగా ఉందామ్మా?" అని అడిగారు. అమ్మకు మాట రావడం లేదు. తల అడ్డంగా ఊపింది. గాలి కోసం మెడనరాలు లేస్తున్నాయి. కొంతసేపటికి, "ఆయాసం గాదు సారూ... దమ్మున్నది" అంది. "రాసుకోండ్రి సార్" అన్నారు మేడమ్. "సహజంగానే తట్టుకునే శక్తి. మీ ఎదురుంగనే ఉన్నది, చూసి రాసుకోండ్రి."

ఆయన మొహం ఎర్రబడింది. "బాలమణి గారూ, బయట రోడ్ల మీద చేసే ఉద్యమాన్ని పరిశోధనలోకి తేకండి. ప్రమాణ భాషలో అడిగాం. అది అందరిదీ." మేడమ్ గొంతు పెంచలేదు. "నా మాట ఉద్యమమైతె మీ మాట ఏంది సార్? గది గూడ ఒక దిక్కు జిల్లాల మాటనే. మీది పుస్తకాలకెక్కింది, మాది మెట్లు ఎక్కలేక ఆగింది. గంతె తేడా." అప్పుడు నేను ఊహించనిది జరిగింది. ఎన్నడూ సమావేశాల్లో నోరు విప్పని సత్యవతి గారు లేచి నిలబడ్డారు. "సార్, మా కాలనీలో అందరం ఆయాసం ఉందని చెప్పగలిగామంటే ప్రశ్న మా ఇంటి భాషలో ఉందండీ. వీళ్ళకి లేదు. అది సమానత ఎలా అవుతుందండీ? నేను ఆ పాత లెక్క కట్టను." ఆవిడ కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటుంటే మా అమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

మేడమ్ నా వైపు తిరిగారు. "నిర్వచనం అడిగిన్రు గద. రాయి సుజాతా. రోగమున్న మనిషి తన రోగం తన మాటల చెప్పుకోవాలె. అడిగేటోడు ఆ మాట నేర్చుకోని రావాలె. కులం పేరు ఎదురుంగ రోగం రాయొద్దు, శక్తి గూడ రాయొద్దు. ఆ కులమని ఏం పని మోపిన్రు, ఏం మందు ఆపిన్రు, ఏం అడగకుండ ఇడిసిపెట్టిన్రు, గది రాయాలె. రోగం అండ్ల ఉన్నది." నేను ఒక్క అక్షరం మార్చకుండా, అదే భాషలో రాశాను. కోచింగ్ సెంటర్‌లో దాచుకున్న నా భాష ఆ గదిలో నా చేతి కిందికి వచ్చింది. ఛైర్మన్ అది చదివి, "ఇది ఇలా వేస్తే కమిటీ పరువేం కావాలి? మీ పేరుతో ఈ వాక్యం వెళ్ళదు" అన్నారు. మేడమ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితె నా పేరు తీసెయ్యుండ్రి. వాక్యం మాత్రం ఉండాలె."

అట్లాగే అయింది. అమ్మను కళ్ళారా చూశాక ఆయన వాక్యాన్ని కాదనలేకపోయారు, పేరు మాత్రం కొట్టేశారు. తట్టుకునే శక్తి మాట పోయింది. కొత్త ఫలితమే నిలిచింది. మేడమ్ చెప్పిన నిర్వచనాన్ని కాస్త పుస్తక భాషలోకి దువ్వి వేశారు. 'దమ్ము' మాత్రం 'దమ్ము'గానే ఉంది. సత్యవతి గారు పోట్లాడి ఉంచారు. అచ్చయిన నివేదిక మీద అందరి పేర్లూ ఉన్నాయి, ఆమెది తప్ప. ఆ తర్వాత కొన్నాళ్ళకు రాష్ట్రం వచ్చింది, ఊరంతా టపాసులు కాల్చారు. ఇంకొన్నాళ్ళకు మా బస్తీలో ఊపిరితిత్తుల కేంద్రం వచ్చింది. దానికి ఎవ్వరూ టపాసులు కాల్చలేదు గానీ మా అమ్మ వెళ్ళి తలుపుకు మామిడాకులు కట్టి వచ్చింది. అక్కడ ఇచ్చిన మందులతో ఆమె ఇంకా చాలా ఏళ్ళు బతికింది, మెట్లు కనబడ్డప్పుడల్లా తిడుతూ.

మేడమ్‌ను చివరిసారి చూసింది ఎల్‌బీ నగర్‌లో ఆమె అద్దె ఇంట్లో. బాగా చిక్కిపోయారు, నోరు మాత్రం అదే. "నివేదికల మీద నీ పేరేస్తున్నరా?" అని అడిగారు. "ఏస్తున్నరు మేడమ్" అన్నాను గర్వంగా. "మంచిది. తీసేసే రోజొకటి వస్తది. ఆ రోజు ఏడ్వకు. ఆ దినం పని మంచిగ జేసినవన్నట్టు." ఆమె పోయినప్పుడు సత్యవతి గారు నన్ను పట్టుకుని ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాదు. ఆమె గుర్తొస్తే నాకు కోపమే వస్తుంది. ఆ కోపమే నా పని నడిపిస్తోంది.

మెట్రో మెట్ల మీద ఆ ముసలామె పక్కన కూర్చుని నేను హిమజకు చెప్పాను. "ఆమె అన్నది ధైర్యం సంగతి కాదమ్మా. ఊపిరాడటం లేదంటోంది." హిమజ బిక్కచచ్చిపోయింది. వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని, "అవ్వా, దమ్ముకు మందు ఉందా?" అని అడిగింది. ఆ మాట ఆ పిల్ల నోట్లో కొత్తగా, వంకరగా పలికింది. అయినా ముసలామెకు అర్థమైంది. కొంగు ముడి విప్పి మందు గొట్టం తీసి పీల్చుకుంది. మా రైలు పోయింది, ఇంకోటీ పోయింది. పోతే పోనీ అనుకున్నాను. సమావేశంలో ఏం జరగబోతోందో నాకు తెలుసు. ఒప్పుకోకపోతే ఈ సర్వే నుంచి నన్ను తప్పిస్తామని ముందే కబురు పంపారు. ముసలామె ఊపిరి కుదుటపడ్డాక, ముగ్గురం ఒక్కో మెట్టే ఎక్కి పైకి చేరాం.

"ఏడికి బిడ్డా, పొద్దుగాల్నే బయలెల్లిన్రు?" అని అడిగింది.

"కొట్లాటకు అవ్వా."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఉన్న రెండు పళ్ళూ కనబడేలా నవ్వింది. "మరి దమ్మున్నదా?"

"ఉన్నది" అన్నాను.